జేబులో దాచుకున్న చెయ్యి

హైదరాబాద్,
జూలై 27.

చిట్టితల్లికి,
అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పరీక్షలు అయిపోగానే మీ తరగతి వాళ్లంతా కరావోకేకు వెళ్తున్నారనీ, తలా ఒక జపాన్ వేసవి పాట పాడాలని షరతు పెట్టారనీ, నీకు ఒక్కటీ రాదనీ రాశావు. నన్ను అడిగి మంచి పని చేశావు. ఈ పాటల గురించి మాట్లాడమంటే నాకు వేళాపాళా తెలియదు.

మన పాటల్లో వేసవికి చోటు తక్కువ. ప్రేమ పుడితే వసంతం, ఎడబాటు వస్తే వెన్నెల, సరదా పుడితే వాన. రోళ్లు పగిలే ఎండల మీద పాట కట్టే ఓపిక మనవాళ్లకు ఎక్కడిది? జపాన్‌లో వరస తిరగబడి ఉంటుంది. చాలా చోట్ల జూన్ నుంచి జూలై నడుమ దాకా త్సుయు అనే ముసురు. అది తెరిపి ఇచ్చాకే ఎండలు. ఆ వెంటనే బడి సెలవులు, బాణసంచా, గుళ్లలో తిరునాళ్లు, ఆగస్టు నడుమ పెద్దలను తలచుకునే ఓబోన్. ఏడాదంతా ఎదురుచూసినవన్నీ కొద్ది వారాల్లో వచ్చి వెళ్లిపోతాయి. నువ్వున్న ఉత్తరపు దీవి హొక్కైడోలో ఆ కాలం ఇంకా పొట్టిది. అక్కడి బడి పిల్లలకు ఎన్నో ఏళ్ల పాటు వేసవి సెలవులు నెల రోజులకు లోపే ఉండేవి. ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

ఎవరూ కాదనని పాట కావాలంటే మత్సుదా సెయికో పాడిన ‘అఓయి సంగోషో’, నీలి పగడాల దిబ్బ, ఉంది. 1980 జూలైలో వచ్చింది. దక్షిణపు దీవి క్యుషూలోని కురుమె నుంచి వచ్చిన ఆ అమ్మాయికి అప్పుడు నీ వయసే, 18 ఏళ్లు. టోక్యో హనేదా విమానాశ్రయంలో విమానం దిగి, అక్కడే నిలబడి టీవీ కార్యక్రమం కోసం ఈ పాట పాడింది. ఆ దృశ్యాన్ని ఇప్పటికీ చూపిస్తూనే ఉంటారు. 2024 జూన్‌లో కొరియా బృందం న్యూజీన్స్‌లోని హన్నీ, టోక్యో డోమ్‌లో చారల చొక్కా, పొడవైన తెల్ల లంగా వేసుకుని ఇదే పాడితే, పుట్టకముందటి పాట మీద కుర్రకారు మళ్లీ మనసు పడ్డారు. నీలి సముద్రం, దక్షిణపు గాలి, ఆ గాలితో పాటు పరుగెత్తే ప్రేమ. దాపరికం లేని పాట. బాగుంటుంది. కానీ సెయికోలా గొంతు పైకి లేవాలి. నీకు కష్టం.

నేను చెప్పాలనుకున్నవి వేరే రెండు. రెండూ మీ దీవి నుంచే వచ్చాయి. రెండూ పాడింది బడి వయసు ఆడపిల్లలే.

మొదటిది ‘నత్సు మత్సురి’. వేసవి జాతర పాట. హొక్కైడో తూర్పున, ఉల్లిపాయలకు పేరుపడ్డ కితామి అనే ఊరు ఉంది. ఆ ఊరి పిల్లలు అయిదుగురు వైట్‌బెర్రీ అని బృందం కట్టి 2000 ఆగస్టులో ఈ పాట విడుదల చేశారు. అసలు పాట 1990 నాటిది, జిట్టరిన్ జిన్ బృందానిది. పిల్లలు దాన్ని గిటార్ల హోరుతో వేగంగా పాడి ఎంత పేరు తెచ్చుకున్నారంటే, ఆ డిసెంబరు 31 రాత్రి ఎన్‌హెచ్‌కే టీవీ ఏటా ఆ రాత్రి జరిపే పాటల కచేరీ, కోహకు వేదిక మీద కూడా పాడారు. వేగం చూసి ఇది గంతులేసే పాట అనుకోవద్దు. మాటలు విను. జాతరలో ఒక జంట నడుస్తుంటారు. ఆమె యుకతా, అంటే వేసవిలో వేసుకునే పలచటి కిమోనో, కట్టుకుంది. జనం ఒత్తిడిలో తప్పిపోతారేమోనని అతను చెయ్యి చాచబోయి, చాచలేక, ఆ చేతిని జేబులో పెట్టుకుని పిడికిలి బిగిస్తాడు. కాస్త దూరంలో స్నేహితులు కనబడగానే ఇద్దరూ ఎడంగా నడుస్తారు. తర్వాత గుడి మెట్ల మీద కూర్చుని సెంకో హనబి వెలిగిస్తారు. అవి మన కాకరపువ్వొత్తుల వంటివే. కానీ సన్నటి కాగితపు పురి, చివర నిప్పుబొట్టు, కిందికి వేలాడేసి పట్టుకోవాలి. చెయ్యి కాస్త కదిలినా బొట్టు రాలిపోతుంది. ఈ వేసవిలో ఒకటి కొని వెలిగించి చూడు, ఆ అబ్బాయి మాట ఎక్కడ ఆగిపోయిందో అర్థమవుతుంది. ఎన్నో కబుర్లు చెప్పుకున్నారు, నువ్వంటే ఇష్టమన్న ఒక్క మాట తప్ప.

ఇక్కడ గమనించవలసింది, చెబుతున్నది అబ్బాయి, పాడుతున్నది అమ్మాయి. ఇదే ఒక మగగొంతు పాడితే నిష్ఠూరమయ్యేది. ఆడపిల్ల పాడితే, అతను ఆమెకు చెప్పలేకపోయిన మాటను ఇన్నాళ్లకు ఆమే పైకి చెబుతున్నట్టు ఉంటుంది. అతని పిరికితనం ఆమెకు అప్పుడే తెలుసేమో అనిపిస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, నాకు ఈ పాట మిగతావాటికన్నా పై మెట్టులో ఉండడానికి.

రెండోది ‘సీక్రెట్ బేస్’. ఇది మీ ఊరు సప్పోరో సొంత సొత్తు. జోన్ అనే నలుగురు అమ్మాయిల బృందం 2001 ఆగస్టు 8న విడుదల చేసింది. రాసిందీ, బాణీ కట్టిందీ మచిదా నొరిహికో. అప్పుడు మేము టోక్యోలో ఉన్నాం. మధ్యాహ్నాలు భాష కోసం నేను టీవీ నాటకాలు చూసేదాన్ని. ‘కిడ్స్ వార్ 3’కి ఇదే ముఖ్య గీతం. మాటలన్నీ తెలియకపోయినా, ఎవరో ఎవరికో వీడ్కోలు చెబుతున్నారని మాత్రం గొంతులోనే తెలిసిపోయేది. ఇందులోనూ మాట్లాడేది అబ్బాయే. బడి నుంచి కలిసి వెళ్దామా అని స్నేహితురాలు పిలిస్తే సిగ్గుపడి సంచితో ముఖం దాచుకుంటాడు. సెలవులు అయిపోతున్నాయి కాబట్టి సూర్యుడూ చంద్రుడూ కాస్త సర్దుకుపోవాలని వేడుకుంటాడు. ఇంతలో ఉన్నట్టుండి బడి మారవలసి వస్తుంది. ఉత్తరాలు రాస్తాను, ఫోను చేస్తాను, నన్ను మరిచిపోకు అంటాడు. పదేళ్ల తర్వాత ఆగస్టులో మళ్లీ కలుస్తామన్న నమ్మకం, అదే పల్లవి.

ఆ పదేళ్లూ నిజంగానే గడిచాయి. జోన్ 2005లోనే విడిపోయింది. 2011లో ‘అనోహనా’ అనే యానిమే, అంటే జపాన్ కార్టూన్, ధారావాహిక వచ్చింది. చిచిబు ఊళ్లో చిన్ననాటి స్నేహితులు, చనిపోయి కూడా వాళ్ల దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి, ఇదీ కథ. అందులో మూడు పాత్రలకు గొంతు ఇచ్చిన అమ్మాయిలే ఈ పాటను ముగింపు గీతంగా పాడారు. అదే ఆగస్టులో జోన్ సభ్యులు కూడా తిరిగి కలిశారు. పాటలో ఇచ్చిన మాటను పాడినవాళ్లు గడువు దాటకుండా నిలబెట్టుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. మీ తరగతిలో చాలామందికి ఇది ‘అనోహనా’ పాటగానే తెలిసి ఉంటుంది. నువ్వు ఇదే పాడు. పల్లవితోనే మొదలవుతుంది కాబట్టి మైకు ముందే చేతిలో ఉండాలి. రెండో పంక్తికల్లా అందరూ గొంతు కలుపుతారు, నీకు బెరుకు ఉండదు.

ఇంకొకటి ఉంది, కరావోకేలో మాత్రం పాడవద్దు. గదిలో ఒక్కదానివే విను. ‘సతోకిబి బతకె’, చెరుకు తోట. 1964లో దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకు వెళ్లి వచ్చిన తెరషిమా నవోహికో రాశారు. మొరియామా ర్యోకో 1969లో రికార్డు చేశారు. పూర్తిగా పాడితే పది నిమిషాలు దాటుతుంది. చెరుకు ఆకుల మీద గాలి చప్పుడు ‘జవవా’ అన్నది 66 సార్లు వస్తుంది. 1945లో అక్కడ జరిగిన యుద్ధంలో చనిపోయిన తండ్రి ముఖం ఎరగని బిడ్డ, వేసవి ఎండలో ఆ తోటను చూస్తూ పాడే పాట అది. యుద్ధాన్ని తిట్టే మాట ఒక్కటీ ఉండదు. మళ్లీ మళ్లీ వచ్చేవి ఎండా, గాలీ, చెరుకే. వేసవి అంటే అక్కడ బాణసంచా ఒక్కటే కాదని నువ్వు తెలుసుకోవాలని దీన్ని కూడా రాస్తున్నాను.

ఆగస్టు నడుమ మీ ఊళ్లోని ఓదోరి పార్కులో బోన్ నాట్యం జరుగుతుంది. ముందు పిల్లలు ఆడతారు, తర్వాత పెద్దలు. పిల్లల వేళకే వెళ్లు. ‘షాంకో షాంకో’ అని చప్పట్లు కొట్టే పాట వినబడుతుంది. హొక్కైడోలో అది రానివాళ్లు ఉండరట, టోక్యో పిల్లలు ఎరగరు. నేనూ విన్నది రికార్డులోనే. వీలైతే ఫోనులో పట్టి పంపించు.

నాన్న నీకు కారప్పొడి, కందిపొడి పార్సిల్ చేశారు. అందగానే చెప్పు. కరావోకేలో ఎవరు ఏ పాట పాడారో వరసగా రాయి. అందరూ ఏం పాడారో నాకు కావాలి, నీ ఒక్కదానిదే కాదు.

ఉంటాను,
మీ అమ్మ.