"తి దుల్యా కానిస్?" అంటే ఏం చెప్తావు

ఏథెన్స్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే శీనూ,

నీ ఉత్తరం అందింది. పిరెయాస్ రేవులో షిప్పింగ్ కంపెనీ ఉద్యోగం ఖాయమైందని చదవగానే ఎగిరి గంతేశాను. ఆ కిందే, గ్రీకు పుస్తకంలో ఉద్యోగాల పాఠం దగ్గర బుర్ర వేడెక్కిపోతోందని రాశావు చూడు, ఈ జవాబంతా దానికే. ఓపిక లేకపోతే రెండు విడతలుగా చదువుకో.

నీ పుస్తకం ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసింది. వాళ్ళకి వింతగా అనిపించేవాటిని పేజీలకు పేజీలు వివరిస్తుంది. అందులో చాలా భాగం మనకి పుట్టుకతో వచ్చిందే. గ్రీకు వాక్యాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్చి, దాన్ని మళ్ళీ తెలుగులోకి ఈడ్చుకురాకు. నేరుగా తెలుగు పక్కన పెట్టి చూడు, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక్కడ ఎవరితో మాట కలిసినా రెండో ప్రశ్నో మూడో ప్రశ్నో ఇదే: "తి దుల్యా కానిస్?" ఏం పని చేస్తావు అని. కొత్తవాళ్ళనీ పెద్దవాళ్ళనీ అడగాల్సొస్తే "తి దుల్యా కానెతె?" కానిస్‌కీ కానెతెకీ తేడా ఏమిటంటే, చేస్తావుకీ చేస్తారుకీ ఉన్నదే. ఒక్క మనిషిని బహువచనంలో పిలిచి మర్యాద చేయడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఆఫీసులో అందరితో కానెతెతోనే మొదలుపెట్టు, వాళ్ళు చనువుగా కానిస్‌లోకి దిగాక నువ్వూ దిగొచ్చు. అన్నట్టు, వాళ్ళ రాతలో ప్రశ్న గుర్తు మన సెమీకోలన్‌లా ఉంటుంది. ఫారాలు నింపేటప్పుడు అది చూసి వాక్యం ఇంకా అయిపోలేదనుకోకు.

నీ జవాబు "ఈమె మిఖనికోస్". మన చెవికి ఎవరో ఆవిణ్ణి చూపించి చెప్పినట్టుంటుంది గానీ, అర్థం నేను ఇంజనీర్ని అని. నేను అయితే ఈమె, నువ్వు అయితే ఈసె, అతను గానీ ఆమె గానీ వాళ్ళు గానీ ఈనె, మేము ఈమస్తె, మీరు ఈస్తె. నేను అనడానికి ఎగో అని ఒక మాట ఉంది, కానీ నొక్కి చెప్పాల్సొస్తే తప్ప ఎవరూ వాడరు. మనం మాత్రం? "ఇంజనీర్ని" అంటే చాలు, నేను అని వేరే చెప్పాలా? ఇంజనీర్ని, ఇంజనీరువి, ఇంజనీర్లం అని మనం ఆ గుర్తుని ఉద్యోగానికే తగిలిస్తాం, వాళ్ళు క్రియకి తగిలిస్తారు. ఇంకో సుఖం: ఉద్యోగం ముందు "ఒక" అని పెట్టరు. నేను ఒక ఇంజనీర్ని అని మనమూ మామూలుగా అనం కదా. ఇంగ్లీషు అలవాటుతో మిఖనికోస్ ముందు ఎనస్ తగిలించావంటే వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

అసలు తలనొప్పి ఆడ, మగ తేడాలో ఉంది. కొన్ని ఉద్యోగాలకి జోడీలు ఉన్నాయి: మగ టీచరు దాస్కలోస్, ఆడ టీచరు దస్కాలా. హోటల్లో వడ్డించే కుర్రాడు సెర్వితోరోస్, అమ్మాయి సెర్వితోరా. పై తరగతులకి చెప్పేవాళ్ళు కథియితీస్, కథియీత్రియా. ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు లాంటి లెక్కే, బట్టీ పట్టేస్తే అయిపోతుంది. కానీ డాక్టరు, లాయరు, ఇంజనీరు, గుమాస్తా వీటన్నిటికీ రూపం ఒక్కటే, మగపోలికతోనే ఉంటుంది. ముందు వచ్చే ఆర్టికల్, అంటే ఇంగ్లీషు the లాంటి మాట, మాత్రం మారుతుంది. మగ డాక్టరు ఓ యత్రోస్, ఆడ డాక్టరు ఈ యత్రోస్. మంచి లేడీ డాక్టరు అనాలంటే ఈ కలీ యత్రోస్. ఆర్టికలూ విశేషణమూ ఆడవేషం వేసుకుంటాయి, నామవాచకం మాత్రం మీసం తియ్యదు! మాటల్లో కొందరు యత్రీనా అంటారు. పరిచయం లేని డాక్టరమ్మ ముందు ఆ మాట అనకు, కొందరికి అది చులకనగా వినిపిస్తుంది. మహిళా ఎంపీని ఈ వులెఫ్తీస్ అనాలా, వులెఫ్తీనా అనాలా అని వాళ్ళలో వాళ్ళకే వాదనలున్నాయి. మనవైపు న్యాయవాది, మంత్రి అని ఇద్దరికీ ఒకే మాటతో నడిపేస్తున్నాం కాబట్టి ఆ గొడవ నీకు తొందరగానే అర్థమవుతుంది.

ఇక ఎక్కడ పని చేస్తావు అన్నది. మన "లో" వెనక వస్తుంది, వాళ్ళ "సె" ముందు వస్తుంది. దులేవో సె త్రాపెజా అంటే ఏదో ఒక బ్యాంకులో పని చేస్తున్నానని. ఫలానా ఆ బ్యాంకులో అంటే సె కాస్తా ఆర్టికల్‌తో కలిసి స్తిన్ అవుతుంది: స్తిన్ త్రాపెజా. మనకి ఆర్టికల్సే లేవు, రెంటికీ బ్యాంకులో అనే అంటాం, అందుకని ఇక్కడ నిజంగానే జాగ్రత్త పడాలి. ఆసుపత్రి, బడి, ఆఫీసు వీటికి స్తో: స్తో నొసొకొమీయో, స్తో స్ఖొలీయో, స్తో గ్రఫీయో. ఈ "ఈయో" తోక కనబడితే అది ఏదో పనిచోటని చాలాసార్లు ఊహించేయొచ్చు. పనికి వెళ్ళేటప్పుడు స్తి దుల్యా, నకారం రాలిపోతుంది. బ్యాంకు ముందు ఉన్న నకారం ఇక్కడ ఎందుకు లేదంటావా? తర్వాతి మాట అచ్చులతో, క, ప, త లాంటివాటితో మొదలైతే నిలుస్తుంది, ద, స లాంటివి వస్తే పోతుంది. నీ పిరెయాస్ అయితే స్తోన్ పిరెయా. గబగబా మాట్లాడితే చాలామంది నోట స్తోంబిరెయా అని వినిపిస్తుంది, కంగారు పడకు.

పిరెయాస్‌లో చివరి సకారం ఏమైందని అడుగుతావు. కర్తగా ఉన్నప్పుడు సకారం, విభక్తి రాగానే మాయం. రాముడు అన్నవాడు రాముని అవగానే డు ఎటు పోయింది? చిన్నప్పుడు డుమువులు చదివాం కదా, అదే తంతు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నానంటే పావో స్తోన్ యత్రో.

అసలు సరదా వీధిలోకి వచ్చాక తెలుస్తుంది. నేను హోటల్లో వంటవాణ్ణి కదా, చేపల కోసం అథినాస్ వీధిలోని వర్వాకియోస్ మార్కెట్‌కి వెళ్తుంటాను. కింద నీళ్ళు, ఐసు, పైన దీపాలు, ఒకడి అరుపు మీద ఇంకొకడి అరుపు. ఊళ్ళో చేపల కొట్టు బోర్డు మీద ఇఖ్థియొపొలీయో అని రాసుంటుంది, మనుషులు మాత్రం ప్సరాదికో అంటారు. మాంసం కొట్టు బోర్డు మీద క్రెయొపొలీయో, నోట్లో ఖసాపికో. బ్రెడ్డు కొట్టు బోర్డు అర్తొపియీయో, జనం దృష్టిలో అది ఫూర్నోస్. ఎందుకిలా అంటే, వీళ్ళకీ ఒక గ్రాంథికం ఉండేది, దాని పేరు కథరేవుసా. బళ్ళలో వాడుక భాష అధికారికంగా కుదురుకున్నది 1976లో. మాట మీద పెట్టే రకరకాల స్వరచిహ్నాలు తగ్గించి ఒక్కటే ఉంచింది 1982లో. గిడుగు పంతులుగారి ఊరివైపు వాడివి, ఇంతకంటే నీకు నేను చెప్పేదేముంది. బోర్డు చదవడానికి ఒక మాట, కొట్టువాడితో మాట్లాడటానికి ఇంకో మాట. రెండూ నేర్చుకో, నోటి మాట ముందు.

టాక్సీ అతన్ని తక్సిజీస్ అంటారు. ఆ జీ టర్కీ భాషలోది, మన ఖజాంచీలో, బావర్చీలో ఉన్న చీకి చుట్టమే.

చివరగా కాలాలు, ఇక్కడైతే ఇంగ్లీషు పుస్తకం నిన్ను అనవసరంగా బెదరగొడుతుంది. ఐదేళ్ళుగా ఇక్కడ పని చేస్తున్నాను అని మనం వర్తమానంలోనే అంటాం. వాళ్ళూ అంతే: దులేవో ఎదో పెందె ఖ్రోన్యా. భూతకాలం రెండు రకాలు. దూలెవా సె త్రాపెజా అంటే బ్యాంకులో పనిచేసేవాణ్ణి. దూలెప్సా దియో ఖ్రోన్యా సె త్రాపెజా అంటే బ్యాంకులో రెండేళ్ళు పనిచేశాను, అక్కడితో సరి. చేసేవాణ్ణి, చేశాను అన్న తేడా నీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఏ రూపం వాడాలో తేల్చుకోలేకపోతే ముందు వాక్యాన్ని తెలుగులో అనుకో, జవాబు దొరుకుతుంది. స్వరం మాత్రం గమనించు, దులేవోలో లే మీద ఉన్న ఒత్తు దూలెవాలో దూ మీదికి జరుగుతుంది.

వచ్చే ఉత్తరంలో మీ ఇంట్లోవాళ్ళందరూ ఏం చేస్తారో, ఎక్కడ చేస్తారో గ్రీకులో రాసి పంపు. నాన్నగారు రిటైరయ్యారు కాబట్టి సింతక్సియూఖోస్ అని రాయి, అది ఆడా మగా ఇద్దరికీ ఒకటే. లాయరు చెల్లెల్ని ఎగ్గొట్టావంటే ఊరుకోను, ఆర్టికల్‌తో సహా ఆవిడ వాక్యం ఉండాల్సిందే. తప్పులు ఎర్ర సిరాతో దిద్ది పంపిస్తాను. అమ్మగారికి నమస్కారాలు చెప్పు, వచ్చేటప్పుడు మాగాయ మరిచిపోకు.

నీ
రవి