ముగ్ధులైంది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలోని సంగీత సమీక్షలో ‘గాయని మంత్రముగ్ధంగా పాడారు’ అని రాశారు. ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి, పెన్ను ఊరుకోలేదు. మంత్రముగ్ధం అంటే మంత్రానికి లోబడినది. ముగ్ధులయ్యేది విన్నవాళ్లు, పాడినవారు కాదు. మీ వాక్యం ప్రకారం పాపం ఆమే మైకంలో ఉండి పాడినట్టు! ‘సమ్మోహనంగా పాడారు’ అంటే సరిపోయేది. సమ్మోహనం మైమరపించేది, సమ్మోహితం మైమరచినది. రెండక్షరాల తేడాతో కర్త తారుమారవుతాడు.

అదే పేజీలో ఇంకో వ్యాసంలో ‘గడియారం లోలకం హిప్నాటిక్‌గా ఊగుతోంది’ అని ఉంది. దానికి నా అభ్యంతరం లేదు. చూస్తూ ఉంటే కళ్లు వాలిపోతాయనేగా భావం. ‘వశీకరణంగా’ అని తెలుగు చేస్తే క్షుద్రపూజ వాసన వస్తుంది. అసలా మాటకు మూలమైన గ్రీకు ‘హిప్నోస్’కు నిద్ర అని అర్థం. 1840లలో హిప్నాటిజం అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ జేమ్స్ బ్రెయిడ్, అది నిద్ర కాదని తర్వాత గ్రహించి పేరు మార్చబోయాడు. జనం వినలేదు.

సమీక్షకుడికి మాత్రం ఈ ఉత్తరం చూపించండి.

– ఒక పాత ప్రూఫ్ రీడర్