ఫార్మాట్ కొట్టకు, ముందు ఇది చదువు

తెనాలి,
ఆదివారం పొద్దున

చిన్నా,

రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి "అమ్మా, లాప్‌టాప్ పోయింది, విండోస్ కూడా పోయింది, అంతా పోయింది" అన్నావు. ఎవరికేమైందో అని మీ నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు. నేనైతే నువ్వు పంపిన ఫోటో చూశాక హాయిగా పడుకున్నాను. చచ్చిన కంప్యూటర్ అలా మాట్లాడదురా. "గ్రబ్>" అని రాసి, పక్కన కర్సర్ ఆడిస్తూ నువ్వేం చెబుతావా అని ఎదురుచూస్తోంది అది. గ్రబ్ అంటే బూట్‌లోడర్, మెషీన్ ఆన్ చెయ్యగానే విండోస్‌నో, ఉబుంటు లాంటి లినక్స్‌నో లేపే చిన్న ప్రోగ్రామ్.

ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "ఆఁ, ఆఁ" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కమాండ్ల స్పెల్లింగులు విడిగా ఇంగ్లీషులో పంపుతాలే. ఎందుకిలా అయిందో, ఏది ముందు చెయ్యాలో ఇందులో చదువుకో. అప్పటిదాకా ఆ పక్కరూము సీనియర్ ఎవరో చెప్పినట్టు మొత్తం ఫార్మాట్ మాత్రం కొట్టకు.

ఆ సలహా నాకూ ఒకసారి ఇచ్చారు. నువ్వు పుట్టకముందు, 2002లో, డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో కొత్తగా చేరాను. విండోస్ 98, రెడ్ హ్యాట్ లినక్స్ 7.1 రెండూ ఉండే మెషీన్లు. అప్పట్లో గ్రబ్ ఇంకా మా ల్యాబ్ దాకా రాలేదు, అదే పని చేసే లిలో అనే పాత బూట్‌లోడర్ ఉండేది. దాన్ని తయారుచేసినవాడు ఎవరో గానీ పిసినారి. మాటల్లో ఎర్రర్ మెసేజ్ అంటూ ఏమీ ఉండదు. తన ఇంగ్లీషు పేరులోని నాలుగు అక్షరాలే (ఎల్, ఐ, ఎల్, ఓ) ఒక్కొక్కటిగా తెర మీద వేస్తూ పోతుంది. ఎక్కడ ఆగితే పని అక్కడిదాకా అయినట్టు. "ఎల్" దగ్గర ఆగిందంటే మొదటి ముక్క లేచింది, రెండోదాన్ని తెచ్చుకోలేకపోయింది. "ఎల్ఐ" దగ్గర ఆగిందంటే రెండోదాన్ని తెచ్చుకుంది గానీ నడపలేకపోయింది.

నేను ఒక మెషీన్‌లో డిస్క్ సర్దుతున్నానని బూట్ ఫోల్డరును పక్కకి కాపీ చేసి, మళ్లీ యథాస్థానంలో పెట్టాను. పేరు అదే, ఫైళ్లు అవే. రీస్టార్ట్ చేస్తే "ఎల్ఐ" అని నిలబడిపోయింది. లిలోకి ఫైళ్ల పేర్లతో పనిలేదు, డిస్క్ మీద ఎన్నో సెక్టారులో (చిన్న గడిలో) ఉందో ఆ అంకె గుర్తుపెట్టుకుంటుంది. కాపీ చేసి తిరిగి పెట్టేసరికి ఫైళ్లు డిస్క్ మీద వేరే చోటికి మారాయి, దాని దగ్గర పాత అంకెలే ఉన్నాయి. ఫ్లాపీతో బూట్ చేసి లోపలికెళ్లి, లిలో అనే ఒక్క కమాండ్ మళ్లీ కొడితే అయిపోయేది. అది నాకు తెలియదు. సీనియర్ ఒకాయన వచ్చి చూసి "ఫార్మాట్ చేసెయ్యమ్మా, గంట పని" అన్నాడు. చేసేశాను. ఆ డిస్క్‌లో ఒకమ్మాయి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఉంది. ప్రింటవుట్ ముందు పెట్టుకుని మూడు రాత్రులు ఆ పిల్లతో పాటు నేనూ కూర్చుని టైప్ చేశాను. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

ఇక నీ సంగతి. ఉబుంటు ఉన్న చోటే మళ్లీ కొత్తగా వేద్దామనుకున్నావు. ఇన్‌స్టాలర్‌లో, డిస్క్‌ని విడగొట్టిన భాగాల్లో ఉబుంటుదైన అయిదో పార్టిషన్‌కి ఫార్మాట్ టిక్ పెట్టావు. అది ఫైళ్లు కాపీ చేస్తూ సగంలో ఉండగా మీ రూమ్మేట్ ఇస్త్రీపెట్టె కోసం నీ ఛార్జర్ పీకాడు. ఆ లాప్‌టాప్ బ్యాటరీ సంగతి నాకు తెలుసు, రెండు నిమిషాలు కూడా ఆగదు. ఇంతే కదా జరిగింది?

నువ్వు తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ని అన్నిటికన్నా చివర్లో వేస్తుంది. ఆ మెట్టు దాకా నువ్వు రానేలేదు. కాబట్టి నీ మెషీన్‌లో ఉన్నది పాత గ్రబ్. దాని పక్కన మూడు లైన్ల చిన్న ఫైలొకటి ఉంటుంది, "ఫలానా యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఉన్న పార్టిషన్‌కి వెళ్లు, అసలు మెనూ అక్కడుంది" అని. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ పార్టిషన్‌కి కొత్త యూయూఐడీ వస్తుంది. చిన్న ఫైల్లో మాత్రం పాతదే మిగిలింది. మనం ఇల్లు మారినప్పుడు రెండు నెలలపాటు గ్యాస్ బండ పాత ఇంటికే వెళ్లింది చూడు, అదే కథ. బండ తెచ్చినవాడు తాళం చూసి వెనక్కి పోయేవాడు. గ్రబ్ వెనక్కి పోకుండా గుమ్మంలోనే నిలబడింది, అంతే తేడా.

రాత్రి నీతో ఎల్ఎస్ (ఏమేం ఉన్నాయో చూపించే కమాండ్) కొట్టించింది ఇందుకే. హెచ్‌డీ0 (నీ డిస్క్) కింద అయిదు పార్టిషన్లూ కనిపించాయి. అంటే పార్టిషన్ టేబుల్ చెక్కుచెదరలేదు. అయిదో దాని లోపల చూడమంటే "లాస్ట్+ఫౌండ్", ఇంకో నాలుగైదు ఫోల్డర్లు చూపించింది. బూట్ ఫోల్డర్లో గ్రబ్ కాన్ఫిగ్ ఫైలు, అంటే ఆ అసలు మెనూ, లేదు. సగం కాపీ అయి ఆగిందనడానికి అదే సాక్ష్యం. నెట్‌లో వెతికితే ప్రిఫిక్స్ సెట్ చెయ్యి, రూట్ సెట్ చెయ్యి, నార్మల్ అని కొట్టు అని చెబుతారు. ఆ మందు మంచిదే గానీ నీ రోగానికి కాదు. లోపల పూర్తి ఉబుంటు ఉండి దారి మాత్రమే తప్పినప్పుడు పనిచేస్తుంది. నీకు లోపల ఉన్నదే సగం.

ముందు విండోస్‌లోకి వెళ్లు. ఆ గ్రబ్ దగ్గరే ఎగ్జిట్ అని కొట్టి చూడు, చాలా మెషీన్లు జాబితాలో తర్వాతి దానికి వెళ్తాయి. వెళ్లకపోతే ఆపేసి, ఆన్ చేసిన వెంటనే ఎఫ్12 టపటపా నొక్కు. ఆ మోడల్‌కి అదే కీ. మెనూలో విండోస్ బూట్ మేనేజర్ అని ఉంటుంది, అది ఎంచుకో. ఈ మెనూకి గ్రబ్‌తో సంబంధం లేదు. మదర్‌బోర్డు మీద చిన్న మెమరీలో ఉన్న జాబితా అది. మొదటి పార్టిషన్ ఉంది చూడు, ఫ్యాట్32లో, ఇంత పెద్ద డిస్క్‌లో 100 ఎంబీలు. ఈఎస్‌పీ అంటారు. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డరు ఒకటి, ఉబుంటు ఫోల్డరు ఒకటి, ఎవరి బూట్‌లోడర్ వాళ్లది. ఒకదాని మీద ఒకటి ఎక్కవు. మా ల్యాబ్ రోజుల్లో అందరికీ కలిపి డిస్క్ మొదటి సెక్టారే గతి. మొత్తం 512 బైట్లు, అందులో బూట్ కోడ్‌కి 446. విండోస్ మళ్లీ వేస్తే లిలో గల్లంతు. మీరు అదృష్టవంతులు, కానీ ఏడవడంలో మాత్రం మమ్మల్ని మించారు.

విండోస్ లేచేటప్పుడు నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగితే కంగారుపడకు. 48 అంకెలు ఉంటాయి. లాప్‌టాప్ మొదట సెట్ చేసింది ఏ మెయిల్‌తోనో ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో దాచి ఉంటుంది. ఆ మెయిల్ మీ నాన్నది. ఆయనకి పాస్‌వర్డ్ గుర్తులేదు, "చిన్నాగాడికి తెలుసు" అంటున్నారు. మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి. అడిగినా అడగకపోయినా ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టు. అదే లాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే నవ్వుతాను.

లోపలికి వెళ్లాక రెండు పనులు. నీకు కావాల్సినవన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించు. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి. అది ఉంటే విండోస్ షట్‌డౌన్ అన్నా పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు లినక్స్ వెళ్లి దాని డ్రైవ్‌లో రాయబోతే గొడవలు. ఒక నిజం కూడా చెప్పాలి: పాత ఉబుంటులో పెట్టుకున్న నీ ఫైళ్లు మాత్రం పోయాయి. ఆ టిక్ నువ్వు పెట్టిందే, ఛార్జర్ పీకినవాణ్ని తిట్టకు.

ఇప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్. ఎఫ్12 మెనూలో ఉబుంటు ఇన్‌స్టాలర్ ఉన్న నీ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించొచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి బూట్) అని ఉంటుంది. అదే ఎంచుకో. రెండోదానితో వెళితే ఇన్‌స్టాలర్ పాతకాలం పద్ధతిలో బూట్‌లోడర్ వేస్తుంది. విండోస్ ఒక పద్ధతి, లినక్స్ ఇంకో పద్ధతి అయి, ఒకరి మెనూలో ఇంకొకరు కనపడరు. డ్యూయల్ బూట్ గోలల్లో సగం ఇక్కడే పుడతాయని నా అనుభవం. అనుమానం ఉంటే లైవ్ డెస్క్‌టాప్‌లో (పెన్‌డ్రైవ్ నుంచి లేచిన ఉబుంటులో) టెర్మినల్ తెరిచి, సిస్ లోపల ఫర్మ్‌వేర్, దాని లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడు. ఉంటే సరైన దారిలో వచ్చినట్టు.

పార్టిషన్లు చేత్తో ఎంచుకునే ఆప్షన్ తీసుకో. అయిదోదానికి ఫార్మాట్ పెట్టి రూట్‌గా (ఉబుంటు ఉండే చోటుగా) ఇవ్వు. మొదటిది, ఆ 100 ఎంబీలది, బూట్ ఈఎఫ్ఐ అని చూపించు. దానికి ఫార్మాట్ టిక్ ఉంటే తీసెయ్యి. ఇది రెండుసార్లు చూసుకో. విండోస్ లేచేది అందులోని మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ వల్లే, అది చెరిపావంటే అప్పుడు నువ్వు రాత్రి అన్న "విండోస్ కూడా పోయింది" నిజమవుతుంది. (అదీ బాగుచెయ్యొచ్చు, కానీ ఒక ఆదివారం పోతుంది.)

సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్‌లోడర్‌ని లేవనివ్వని కాపలా) ఆపేయమని వీడియోల్లో చెబుతారు. ఉబుంటుకి అవసరం లేదు. దాని షిమ్ అనే చిన్న ఫైలు మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ దాన్ని చూసి లోపలికి వదులుతుంది. ఊరికే కెలికితే ఆ బిట్‌లాకర్ లేచి కూర్చుంటుంది.

అంతా అయ్యాక మెనూలో ఉబుంటు ఒక్కటే కనిపించి విండోస్ కనపడకపోతే మళ్లీ రాత్రి పదకొండున్నరకి ఫోన్ చెయ్యకు. గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో ఒక లైన్ మార్చి, అప్‌డేట్-గ్రబ్ కొడితే వచ్చేస్తుంది. ఆ లైన్ కూడా పంపుతాను. విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయినా అంతే, వైరస్ కాదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ టైమ్ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైమ్) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుని చదువుతుంది. రాత్రి తొమ్మిదైతే మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు మాత్రం ముందే సరిచూసుకో.

మీ ఫ్రెండ్‌కి ఇన్‌స్టాలర్‌లో అసలు డిస్కే కనపడటం లేదన్నావు. అతని లాప్‌టాప్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ మోడ్‌లో ఉండి ఉంటుంది, ఏహెచ్‌సీఐకి మార్చాలి. డిస్క్‌ని నడిపే రెండు పద్ధతులవి. కానీ బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) నేరుగా మార్చేస్తే విండోస్ నీలం తెర వేస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, తర్వాత మామూలుగా పెట్టుకోమను. నువ్వు వెళ్లి చేసిపెట్టకు, నీదే ఇంకా తేలలేదు.

రెండు వందలు పంపాను. మీ రూమ్మేట్ ఇస్త్రీపెట్టెకి వేరే ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనిపెట్టు. నీ ఛార్జర్ ప్లగ్గు మీద సెల్లో టేపు వేసి "తీయొద్దు" అని రాసి, అప్పుడు మొదలుపెట్టు. విండోస్ లేచాక ఒక ఫోటో పంపు. మీ నాన్న పొద్దుటి నుంచి నాలుగుసార్లు అడిగారు.

అమ్మ