‘స్విచ్ ఆపేస్తే’ మెలనోమా ఆగిపోదు

సంపాదకుల వారికి,

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద మీ పత్రికలో వచ్చిన వార్త చదివి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని రోజూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. వేయలేదు. ఇక రాయక తప్పడం లేదు.

‘చర్మ క్యాన్సర్ స్విచ్ దొరికింది, ఆపేస్తే చాలు’ అని శీర్షిక పెట్టారు. ఆ స్విచ్ అంటూ మీరు చెప్పింది ఎంఐటీఎఫ్ అనే ప్రోటీన్ గురించి. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి తండ్రి ఏడాదిగా ఈ జబ్బుతో బాధపడుతున్నారు. ఆ ఉదయమే ఫోన్ చేసి, “మాస్టారూ, ఆ ప్రోటీన్‌ను ఆపే మందు ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగింది. ఆ ప్రోటీన్‌ను నేరుగా ఆపే మందేదీ ఇంతవరకు వైద్యానికి ఆమోదం పొందలేదని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. ఆ శీర్షిక రాసినవారికి ఈ సంగతి తెలియాలి.

మీరు రాసిన ఎంఐటీఎఫ్ ఒక ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్. డీఎన్‌ఏకు అతుక్కుని ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో తేల్చే ప్రోటీన్. మన శరీరంలో ఇలాంటివి సుమారు 1600 ఉన్నాయి. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు ఏర్పడటానికీ, బతకడానికీ, మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైమ్ పుట్టడానికీ ఎంఐటీఎఫే ఆధారం. కొన్ని మెలనోమాల్లో ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ప్రతులు ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంటాయని, ఆ కణాలు దాని మీద ఆధారపడి బతుకుతాయని 2005లో తేలింది. మీ విలేకరి ఇక్కడితో చదవడం ఆపేశారు.

ఆ మరుసటి ఏడాదే అసలు చిక్కు బయటపడింది. ఎంఐటీఎఫ్ తగ్గించినప్పుడు మెలనోమా కణాలు విభజన మందగించి, పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయే గుణం తెచ్చుకున్నాయి. ఒక మోస్తరుగా ఉంటే వేగంగా విభజన చెందుతాయి. బాగా పెరిగితే రంగు చేసుకునే, పూర్తిగా ఎదిగిన కణాల్లా మారి విభజన తగ్గించుకుంటాయి. కనుక ఇది దీపం మీట కాదు, కాలువ తూము లాంటిది. ఎంత ఎత్తారన్న దాన్నిబట్టి కింద జరిగేది మారిపోతుంది. తెలియకుండా దించేస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పైగా ఒకే కణితిలో ఈ రకాలన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఇంకొకటిగా మారుతుంటాయి. ఎంఐటీఎఫ్‌ను నడిపించే సాక్స్-10, అది తగ్గినచోట పెత్తనం చేసే ఏపీ-1, టెడ్ ప్రోటీన్లు, వీటిలో ఒక్కదాని పేరూ మీ వార్తలో లేదు.

రోగులకు ముఖ్యమైన సంగతి కూడా ఇక్కడే ఉంది. మెలనోమాల్లో దాదాపు సగం వాటిలో బీఆర్‌ఏఎఫ్ జన్యువు మారి ఉంటుంది. 2011లో వచ్చిన వెమురాఫెనిబ్ మందు ఆ మారిన ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. ఎందరికో కణితులు కొద్ది వారాల్లోనే కుంచించుకుపోయాయి. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వచ్చాయి. ఎందుకు? కొన్ని కణితుల్లో కొత్త జన్యు మార్పులు వచ్చాయి. మరికొన్నిటిలో అలాంటిదేమీ లేకుండానే కణాలు తమ నియంత్రణ ప్రోటీన్ల పొందికను మార్చుకున్నాయి. కొన్నిచోట్ల ఎంఐటీఎఫ్ పెరిగి మందును తట్టుకుంది, కొన్నిచోట్ల అడుగంటి తట్టుకుంది. ఒకే ప్రోటీన్ రెండు వైపుల నుంచీ ఎదురు తిరుగుతుంటే ‘ఆపేస్తే చాలు’ అని ఎలా రాయగలిగారు?

2013లో తేలిన ఇంకో సంగతీ వదిలేశారు. క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా చూసే ఎంజైమ్‌ను తయారుచేసే టెర్ట్ జన్యువుకు ముందుండే నియంత్రణ భాగంలో ఒక్క అక్షరం మారితే, ఈటీఎస్ అనే నియంత్రణ ప్రోటీన్లకు అక్కడ కొత్తగా పీట వేసినట్టవుతుంది. దాంతో టెర్ట్ జన్యువు చురుకై, కణానికి అంతులేకుండా విభజన చెందే వీలు దొరుకుతుంది. ఒక అధ్యయనంలో పరీక్షించిన 70 మెలనోమాల్లో 50 వాటిలో ఈ మార్పు కనిపించింది. ప్రోటీన్ చెడలేదు, అది కూర్చునే చోటు మారిందంతే. విద్యార్థులకు ఇంతకన్నా మంచి పాఠం ఉంటుందా?

వార్త పక్కన వేసిన బొమ్మ గురించి కూడా చెప్పాలి. ఎండకు కందిన తెల్లటి వీపు, దాని మీద మచ్చ. నేను చూసిన ఆరోగ్య శాఖల అవగాహన పోస్టర్లన్నిటిలోనూ ఇదే బొమ్మ. నల్లటి చర్మం ఉన్నవారికి మెలనోమా వస్తే అది ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్లకే చనిపోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. గోటి కింద నల్లచార కనిపిస్తే డాక్టరుకు చూపించమని ఒక్క వాక్యం వేయడానికి ఏ అధికారికీ, ఏ పత్రికకూ తీరిక లేకపోయింది. ఎన్నేళ్లు చెప్పాలి?

ఒకప్పుడు మీ పత్రికలో విజ్ఞాన శాస్త్రానికి వారానికో నిండు పేజీ ఉండేది. అది సగమైంది, పావు అయింది, ఇప్పుడు ప్రకటనలు మిగిల్చిన జాగా అయింది. పరిశోధన సంస్థ పంపిన పత్రికా ప్రకటనను ఉన్నదున్నట్టు దింపేస్తున్నారు. గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో జరిగినది మనుషుల్లో జరిగినట్టు అచ్చవుతోంది. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ని, నాకు ఇది కడుపులో దేవినట్టుంది. తెలుగులో ఇవి రాయలేమన్న సాకు చెప్పకండి. పై పేరాల్లో రాశాను, అర్థం కాని మాట ఎక్కడుందో చూపించండి.

వైద్యానికి సంబంధించిన వార్తను అచ్చుకు ముందు ఒక క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. ఈ వార్తకు సవరణను అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఆ అమ్మాయి తండ్రి ఇప్పటికీ మీ పత్రికే తెప్పించుకుంటున్నారు. ఆయన కంట పడేలా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు