బ్లూస్ అంటే ఏడుపు పాటలు కావు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో బ్లూస్ సంగీతాన్ని ‘ప్రేమలో ఓడినవాళ్ల విషాద గీతాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పాతికేళ్లుగా ఆ పాటలు వింటున్నవాణ్ణి, మనసు చివుక్కుమంది.

బ్లూస్ పుట్టింది అమెరికా దక్షిణాదిన, పత్తిచేలల్లో. 1865లో బానిసత్వం రద్దయింది గానీ నల్లవాళ్ల చేతికి భూమి రాలేదు. భూమి దొరది, విత్తనం దొరది, సరుకులు దొర కొట్లో అరువు. పత్తి తూచాక లెక్క చూస్తే ఏటా బాకీయే మిగిలేది. ఆ లెక్క రాసేదీ దొరే. కౌలు చేసి అప్పులపాలైన మన ఇళ్లల్లో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఎదురు అడిగితే ప్రాణాల మీదికొచ్చే చోట, అడగలేని మాట పాటలోకి వచ్చింది. చేలో ఒకరు గొంతెత్తితే ఇంకొకరు అందుకునే కేకలు, చర్చి పాటలు, జైల్లో గొడ్డలి దెబ్బకు సరిపడా పాడే పాటలు అందులో కలిశాయి.

1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ స్టేషన్‌లో బ్యాండ్ మాస్టర్ డబ్ల్యూ.సి. హ్యాండీ రైలు కోసం కూర్చుని కునుకు తీస్తున్నారు. పక్కన చిరుగుల బట్టలు, బూట్లలోంచి బయటికొచ్చిన కాలివేళ్లతో ఒక నల్లవాడు గిటార్ తీగల మీద చాకు జరుపుతూ వాయిస్తున్నాడు. రెండు రైలు మార్గాలు కలిసే చోటికి పోతున్నానంటూ ఒకే పాదం మూడుసార్లు పాడాడు. తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి వేరు: ఒక పాదం రెండుసార్లు, మూడోది దానికి జవాబు. ఆ జవాబులో చాలాసార్లు వెటకారం ఉంటుంది, కొంటెతనం ఉంటుంది. శనివారం రాత్రి కూలీలు ఆ పాటలకే తెల్లవార్లూ చిందులేసేవాళ్లు. ఉత్త ఏడుపైతే ఎవరు ఆడతారు?

1920లో నల్లజాతి గాయని మేమీ స్మిత్ బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాక కంపెనీలు ఈ పాటల వెంట పడ్డాయి. ‘రేస్ రికార్డులు’, అంటే జాతి రికార్డులు, అని పేరు పెట్టి నల్లవాళ్లకు విడిగా అమ్ముకున్నాయి. బెస్సీ స్మిత్ అనే మరో గాయని పాటలతో ఆమె రికార్డు కంపెనీ బాగా గడించింది. ఆమెకు దక్కింది పాటకింతని ఇచ్చిన రొక్కమే, రాయల్టీ లేదు. 1937లో కారు ప్రమాదంలో చనిపోతే 1970 దాకా ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు.

అందుకే నా విన్నపం. రాక్ సంగీతం గురించి మీరు తరచూ పేజీలకు పేజీలు వేస్తారు. దాని వేరు ఈ పత్తిచేలల్లోనే ఉంది. ఒక్క ఆదివారం ఆ పేజీ వీళ్లకివ్వండి. పేర్లతో సహా రాయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ