లైవ్ డిస్కులో ఇంటర్నెట్ తెప్పించిన పక్క పీజీ తమ్ముడికి కృతజ్ఞతలు

బెంగళూరు మారతహళ్ళిలో మా పక్క భవనపు పీజీలో ఉంటున్న అనంతపురం కుర్రవాడు మొన్నటి శనివారం నాకు చేసిన సాయానికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు వేయవద్దని కోరాడు కనుక వేయడం లేదు.

ఆదివారాల్లో మా వీధి పిల్లలకు తెలుగు నేర్పుతుంటాను. అభ్యాస పత్రాలు తయారుచేసుకోవడానికి మా అన్నయ్య వాడి పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుందామని, ఇంట్లో ఉన్న డెబియన్ 11 (లినక్స్‌లో ఒక రకం) లైవ్ డీవీడీ పెట్టాను. లైవ్ అంటే హార్డ్‌డిస్కులో ఏమీ వేయకుండానే డీవీడీ నుంచి నేరుగా నడిచేది. తెర వచ్చింది, శబ్దం వచ్చింది, తెలుగు అక్షరాలూ చక్కగా కనిపించాయి. వై-ఫై పేర్ల జాబితా మాత్రం ఖాళీగా ఉంది. రూటర్ కింద ఇంటివారి గదిలో ఉంటుంది కాబట్టి తీగ లాగే వీలు లేదు. కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్ళి యూఎస్‌బీ వై-ఫై ముక్క కొనుక్కొద్దామని బయలుదేరుతుంటే గేటు దగ్గర ఆ తమ్ముడు విషయం విని, "డబ్బు పెట్టే ముందు లోపల ఏ చిప్ ఉందో చూద్దాం అక్కా" అన్నాడు.

అతను కీబోర్డు ముట్టుకోలేదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌ను నా చేతనే తెరిపించి, మొదట ఆర్‌ఎఫ్‌కిల్ అనే ఆదేశంతో వై-ఫై మీట ఆపేసి లేదని తేల్చుకుని, తర్వాత లోపలి చిప్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం ఇప్పించి, వై-ఫై వరుసలో కనిపించిన 14ఇ4:4315 అనే చిప్ గుర్తింపు సంఖ్యను పైకి చదవమన్నాడు. కెర్నెల్ (లినక్స్ మూల భాగం) రాసుకునే సందేశాలను చూపే డీమెసేజ్‌లో వెతికితే, ఆ చిప్‌ను నడిపే బి43 అనే డ్రైవర్ తనకు యుకోడ్15 అనే ఫైలు దొరకలేదని అప్పటికే మొరపెట్టుకుని ఉంది. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉన్నా, చిప్‌లోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్, అంటే చిప్ తన లోపల నడుపుకునే చిన్న ప్రోగ్రామ్, డిస్కులో లేదన్నమాట. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అధికారిక డిస్కుల్లో చాలా ఫర్మ్‌వేర్లు చేర్చి ఇస్తున్నా, ఈ ఫైలును ఇతరులు పంచడానికి అనుమతి లేనందువల్ల అది వాటిలోనూ ఉండదట. డెబియన్ ప్యాకేజీల భండారంలో కాంట్రిబ్ అనే విభాగంలోని ఫర్మ్‌వేర్-బి43-ఇన్‌స్టాలర్ అనే ప్యాకేజీ దాన్ని నెట్ నుంచి దించి, మనకు కావలసిన భాగం కోసి ఇస్తుంది. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టు, నెట్ రావడానికే నెట్ కావాలి!

దారి నా చేతిలోని ఫోనే. దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చే మీట) నొక్కుదామంటే ఆ మీట వెలవెలబోయి నొక్కుడు పడలేదు. అరగంట సెట్టింగులన్నీ గాలించాక తేలిందేమిటంటే, నా కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం. లోపల డేటా తీగలు లేవు. అతను పరుగున వెళ్ళి తన కేబుల్ తెచ్చి గుచ్చగానే, ఏ డ్రైవరూ వేయకుండానే, మూలన వైరు కనెక్షన్ గుర్తు వెలిగింది. ఆ తర్వాత ప్యాకేజీలు వెతికే చోట్ల జాబితాలో కాంట్రిబ్ చేర్చడం, ప్యాకేజీ వేయడం, బి43ని ఒకసారి దించి మళ్ళీ ఎక్కించడం పది నిమిషాల పని. వీధిలోని వై-ఫై పేర్లన్నీ ఒక్కసారిగా బారులు తీరాయి.

నేను సంబరపడుతుంటే ఇంకో మాట చెప్పాడు. లైవ్‌లో వేసినదంతా కంప్యూటర్ ఆపగానే చెరిగిపోయే ర్యామ్‌లోనే ఉంటుంది. డెబియన్‌ను ల్యాప్‌టాప్‌లో వేసే ఇన్‌స్టాలర్ హార్డ్‌డిస్కుకు ఎక్కించేది డీవీడీలోని అసలు ప్రతినే గాని, మనం సరిచేసుకున్నదాన్ని కాదు. ఈ మాట వినకపోతే రాత్రి రీబూట్ అయ్యాక అంతా పాడైపోయిందని బెంబేలెత్తిపోయేదాన్ని. ఆదేశాలన్నీ కాగితం మీద రాసుకున్నాను కాబట్టి, ఇన్‌స్టాల్ అయ్యాక ఒక్కదాన్నే మళ్ళీ ఫోను తగిలించి రెండోసారి అదంతా చేసుకున్నాను.

తమ్ముడూ, నీకు నా మనఃపూర్వక ధన్యవాదాలు. మా వీధిలో ఇంకెవరికైనా ఇదే చిక్కు వస్తే ఆ ఫైలును నేను ఇవ్వకూడదు గాని, ఆ కాగితం మాత్రం ఇస్తాను. నీ కేబుల్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం భోజనానికి వచ్చి తీసుకువెళ్ళు.