మా నాయనమ్మ కార్డు కోసం మాటలు వెతికిపెట్టిన అందరికీ

పోయిన నెల మా నాయనమ్మ పోయినప్పుడు, పెద్దకర్మ కార్డులో ఫోటో కింద నాలుగు మాటలు రాయడం చేతకాక మీ అందరినీ సాయం అడిగాను. ఆ రాత్రే ఇంతమంది ఫోన్లు చేసి, మెసేజీలు పెట్టి నాతోపాటు ఆలోచిస్తారని అనుకోలేదు. కార్యక్రమం సవ్యంగా జరిగింది. పేర్లు రాయొద్దని కొందరు అన్నారు కాబట్టి వరసలతోనే చెబుతున్నాను, ఎవరి గురించో వాళ్ళకి తెలుస్తుంది.

నాయనమ్మ వాళ్ళది దివిసీమ, కోడూరు వైపు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఇద్దరు పిల్లలు చేతుల్లోంచి జారిపోయారు. తను ఒక తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని తెల్లారేదాకా నీళ్ళలోనే ఉందట. ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నవే. ఆమె నోటి నుంచి విన్నది ఒక్క మాటే, 'ఉప్పెన'. ఉప్పెనకి ముందు కొన్న గిన్నె, ఉప్పెన తర్వాత పుట్టినోడు, ఇలా కాలం లెక్క చెప్పడానికే వాడేది తప్ప ఆ రాత్రి ఏం జరిగిందో ఎన్నడూ చెప్పలేదు. ఆ 'తర్వాత పుట్టినోడు' మా నాన్నే. తాతయ్య కూడా ఏమీ చెప్పకుండానే పోయారు. ఏటా ఆ తేదీన పెరట్లో రెండు దీపాలు మాత్రం వెలిగేవి.

ఇక డీటీపీ అబ్బాయేమో 'ప్రేమమూర్తి, త్యాగమూర్తి అని పెట్టేద్దామా అన్నా' అన్నాడు. అతని తప్పేం లేదు, అందరూ అవే వేయించుకుంటారు, ఆ మాటల్లో అబద్ధమూ లేదు. కానీ నాయనమ్మ ఫోటో కింద పెట్టి చూస్తే అవి ఎవరివో అనిపించింది. నా అంతట నేను రాద్దామని రెండు రాత్రులు కూర్చున్నా ఒక్క వాక్యం కుదర్లేదు, టెన్షన్‌తో ఏడుపొచ్చింది.

అప్పుడే గుంటూరు నుంచి మాస్టారు ఫోన్ చేశారు. 'అల వైకుంఠపురంబులో' అని మొదలుపెట్టి ముందుకి సాగక పోతన గారంతటివాడే గంటం పక్కన పెట్టి లేచి వెళ్ళాడని, ఆయన వచ్చేసరికి ఆ రాముడే పద్యం పూర్తి చేసి ఉంచాడని పెద్దలు చెప్పుకునే కథ నాకు చెప్పారు. 'నువ్వూ కాసేపు లే నాయనా, ఆమె నోట ఎక్కువగా ఏ మాట వినేవాడివో గుర్తు చేసుకో' అన్నారు. గుర్తొచ్చింది. నాయనమ్మ చదువుకోలేదు, హరికథల్లో విన్న ముక్క ఒకటి అంట్లు తోముకుంటూ అనుకునేది, 'కలడు కలండనెడువాడు గలడో లేడో' అని. నేను చెప్పగానే మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అది నీళ్ళలో ఉన్న ఏనుగు అడిగిన మాట కదయ్యా' అన్నారు.

ఇన్నేళ్ళు విన్నాను, నాకు తట్టలేదు. దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. ఉన్నావా లేవా అని అడుగుతోందని, అడుగుతూనే ఆ దీపాలు పెడుతోందని అనుకోలేదు. గజేంద్రుడు ఆ తర్వాత 'లావొక్కింతయు లేదు' అని మొరపెట్టుకుంటాడు, ఆ పద్యం మాత్రం నాయనమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. అది కూడా చేర్చనా అంటే మాస్టారు వద్దన్నారు, ఆమె ఎక్కడ ఆగిందో అక్కడే ఆపమన్నారు.

ఇక కోడూరు అన్నయ్యా, మీకు ఏమని చెప్పను! మీ అమ్మగారిది నాయనమ్మ వాళ్ళ పక్కిల్లే అని మీరు రాసినప్పుడు నా చేతులు వణికాయి. ఆ పిన్నిగారు ఫోన్లో పిల్లలిద్దరి పేర్లూ చెప్పారు. నాలుగేళ్ళ పాపకి ముద్దుపేరు కూడా ఉండేదట. చంటిబాబుకి అప్పుడప్పుడే పళ్ళొస్తున్నాయట. వాళ్ళకి ఫోటో లేదు, ఒక కాగితం మీద కూడా పేరు లేదు, మా ఇంట్లో ఎవరికీ తెలియని ఆ పేర్లు ఇన్నేళ్ళూ పక్కింటావిడ దగ్గర భద్రంగా ఉన్నాయి.

కార్డులో ఫోటో కింద ఆ పద్యపాదం, దాని కింద ఇద్దరు పిల్లల పేర్లు, అంతే వేయించాం. పెద్దకర్మ రోజు మా నాన్న వచ్చినవాళ్ళందరికీ ఆ పేర్ల మీద వేలు పెట్టి 'ఇది మా అక్క, వీడు మా అన్న' అని చూపించారు. ఆయన నోట ఆ వరసలు నేను వినడం అదే మొదటిసారి.

అన్నయ్యా, పిన్నిగారికి ఒక కార్డు పోస్టులో పంపాను, అందగానే ఒక్క మాట చెప్పండి.